విద్యార్థుల థ్రిల్లర్ లఘుచిత్రం: నిర్మాణం, విశ్లేషణ – బోధన్, బాల్కొండ ప్రాంతాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కళాశాల విద్యార్థులు లఘుచిత్రం తీయాలనుకున్నప్పుడు తరచుగా ఎంచుకునే ప్రక్రియ థ్రిల్లర్. ఇద్దరు ముగ్గురు పాత్రధారులు, ఒక గది, ఒక రాత్రి ఉంటే చాలునన్న నమ్మకం ఇందుకు ఒక కారణం. ఈ చిత్రాలను తీసేటప్పుడూ, చూసి అంచనా కట్టేటప్పుడూ చివరి మలుపుకే ఎక్కువ విలువ దక్కుతున్నది. థ్రిల్లర్ బలం మలుపులో కన్నా ప్రేక్షకుడికీ పాత్రలకీ మధ్య జరిగే సమాచార పంపిణీలో ఉంటుందని, ఆ పంపిణీని పరీక్షించడానికి రెండోసారి చూడడమే తగిన కొలమానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భరతుడి సంధి, వ్యభిచారిభావ చర్చలను, గురజాడ ‘దిద్దుబాటు’ కథను, కొన్ని విద్యార్థిచిత్రాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది. నిజామాబాద్ జిల్లాలోని బోధన్, బాల్కొండ ప్రాంతాలను ఉదాహరణగా చూపి, కథాస్థలం అలంకారంగా మిగలకుండా కథకు హేతువు కావడం ఎలాగో చర్చిస్తుంది.

కీలకపదాలు: లఘుచిత్రం, థ్రిల్లర్, ఉత్కంఠ, అవహిత్థ, సంధులు, దిద్దుబాటు, బోధన్, బాల్కొండ.

1. ఉపోద్ఘాతం

తెలుగు పాఠకుడికి ఉత్కంఠ కథనం కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు ఒక తరాన్ని చదివించాయి. ఆరుద్ర వంటి కవి కూడా అపరాధ పరిశోధన రచనలు చేశాడు. సినిమాలో వంశీ ‘అన్వేషణ’ (1985), రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992), చంద్రశేఖర్ ఏలేటి ‘ఐతే’ (2003) మూడు భిన్నమైన దారులు చూపాయి. డిజిటల్ కెమెరా, యూట్యూబ్ అందుబాటులోకి వచ్చిన తరువాత ఈ ప్రక్రియ విద్యార్థుల చేతికి వచ్చింది. తరుణ్ భాస్కర్, సుజీత్ వంటి దర్శకులు లఘుచిత్రాల నుంచే వెండితెరకు చేరారు. తమిళంలో ‘పిజ్జా’ (2012) తీసిన కార్తీక్ సుబ్బరాజ్ టెలివిజన్ లఘుచిత్రాల పోటీలో పాల్గొని వచ్చినవాడే.

ఈ పరిణామాన్ని పరిశ్రమ వైపు నుంచి చూస్తే లఘుచిత్రం ఒక ప్రవేశపత్రం. సాహిత్య విద్యార్థి వైపు నుంచి చూస్తే అది ఒక పాఠ్యం. తెలుగు శాఖలలో సినిమా చర్చ ప్రధానంగా పాటల సాహిత్యం, సంభాషణలు, నవలా అనుసరణల చుట్టూ తిరుగుతుంది. విద్యార్థి స్వయంగా తీసిన ఏడెనిమిది నిమిషాల చిత్రాన్ని కథానికతో సమానంగా కూర్చోబెట్టి చదివే అలవాటు మనలో తక్కువ. ఫలితంగా ఆ చిత్రానికి దొరికే విమర్శ ‘ట్విస్టు బాగుంది’, ‘ఫొటోగ్రఫీ బాగుంది’ అన్న రెండు వాక్యాలకు మించదు.

ఈ వ్యాసం రెండు ప్రశ్నలను పరిశీలిస్తుంది. మొదటిది: కొద్ది నిమిషాల నిడివిలో ఉత్కంఠ ఎలా నిర్మితమవుతుంది? రెండవది: ఆ ఉత్కంఠ ఏ ఊరికైనా అతికే నమూనాగా మిగలకుండా, ఒక నిర్దిష్ట ప్రాంతపు అనుభవాన్ని మోయగలదా?

2. రెండు సంధుల రూపం

భరతుడు నాటకానికి ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని అయిదు సంధులు చెప్పాడు. అన్ని రూపకాలకూ అయిదూ అవసరమని ఆయన చెప్పలేదు. భాణం, ప్రహసనం, వీథి, అంకం వంటి చిన్న రూపకాలకు ముఖ, నిర్వహణ సంధులు రెండే విహితాలు. చిన్న రూపం అంటే పెద్ద రూపాన్ని కుదించినది కాదన్న గ్రహింపు ఈ విభజనలో ఉంది. నిడివి తగ్గినప్పుడు నిర్మాణమే మారుతుంది.

విద్యార్థుల థ్రిల్లర్లలో సాధారణంగా కనిపించే చిక్కు ఇక్కడే ఉంది. రెండు గంటల సినిమాకు తగిన కథను పది నిమిషాలలో చెప్పే ప్రయత్నం జరుగుతుంది. హత్య, పరిశోధన, అనుమానితులు, గతకథ, పగ, మలుపు అన్నీ కావాలి. ఇందులో గర్భ, విమర్శ సంధులకు చెందిన సామగ్రి ఎక్కువ. దానికి తెరపై చోటు లేదు కనుక అది సంభాషణలోకి జారుతుంది. చివరి రెండు నిమిషాలలో ఒక పాత్ర నిలబడి జరిగిందంతా వివరిస్తుంది. అప్పటిదాకా దృశ్యంగా ఉన్న చిత్రం హఠాత్తుగా శ్రవ్యనాటకమవుతుంది.

ముఖ, నిర్వహణాలతోనే కథ నడిపిన గొప్ప ఉదాహరణ మన భాషలోనే ఉంది. 1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’ సంస్కరణ కథగానే పాఠ్యప్రణాళికలలో స్థిరపడింది. దాని నిర్మాణాన్ని గమనిస్తే అది ఉత్కంఠ కథ కూడా. అర్ధరాత్రి దాటింది, మూసిన తలుపు, ఇంటికి ఆలస్యంగా చేరిన భర్త, గదిలో కనిపించని భార్య, ఆమె వదిలిన ఉత్తరం. కథాస్థలం ఒకే ఇల్లు. కాలం ఒకే రాత్రి. భార్య ఏమైందన్న ప్రశ్న ముఖం. మంచం కింది నుంచి వినవచ్చే నవ్వు నిర్వహణం. ఈ రెండింటి మధ్య గురజాడ కొత్త సంఘటన ఏదీ పెట్టలేదు. భర్త మనఃస్థితి మారడం ఒక్కటే జరిగింది. లఘుచిత్రం తీయబోయే విద్యార్థికి ఇంతకంటే మంచి స్క్రీన్‌ప్లే పాఠం అరుదు.

నిర్వహణంలో అద్భుతరసం ఉండాలన్నది భరతుడి మరొక సూచన. అద్భుతానికి స్థాయి విస్మయం. థ్రిల్లర్ చివరి మలుపు ఆశించేది ఈ విస్మయాన్నే. అయితే ముఖసంధిలో బీజం పడకుండా నిర్వహణంలో వచ్చే విస్మయం అతకదు. ‘దిద్దుబాటు’లో భార్య ఎక్కడో ఊరవతల నుంచి తిరిగి రాలేదు, ఆ గదిలోనే ఉంది. సమాధానం మొదటి నుంచీ ప్రశ్న పక్కనే ఉంది.

3. ఆశ్చర్యం, ఉత్కంఠ, రెండవ పఠనం

1962లో ఫ్రాంస్వా త్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ ఉన్న భేదాన్ని ఒక బాంబు ఉదాహరణతో వివరించాడు. ఇద్దరు మాట్లాడుకుంటున్న బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే, అది పేలినప్పుడు కలిగేది కొద్ది క్షణాల ఆశ్చర్యం. ముందే తెలిస్తే, ఆ మామూలు సంభాషణ మొత్తం నిమిషాల తరబడి ఉత్కంఠ అవుతుంది. రెండు సందర్భాలలోనూ సంఘటన ఒకటే. మారింది సమాచార పంపిణీ.

ఈ భేదాన్ని ‘దిద్దుబాటు’కు అన్వయిస్తే ఆసక్తికరమైన విషయం తేలుతుంది. మొదటిసారి చదివేటప్పుడు పాఠకుడికి, భర్తకు తెలిసింది దాదాపు సమానం. కాబట్టి ముగింపు ఆశ్చర్యం. రెండోసారి చదివేటప్పుడు ఆమె మంచం కిందే ఉందని పాఠకుడికి తెలుసు, భర్తకు తెలియదు. ఇప్పుడు అతని ప్రతి మాటకూ కనిపించని శ్రోత ఒకరున్నారు. అతని ఆగ్రహం, పశ్చాత్తాపం, బేలతనం అన్నీ ఆమె వింటున్నది. ఆశ్చర్యకథ ఉత్కంఠకథగా, హాస్యకథగా మారింది. మలుపు తెలిసిన తరువాత కథ బలహీనపడలేదు. కొత్త అర్థం వచ్చింది.

విద్యార్థి థ్రిల్లర్‌ను అంచనా కట్టడానికి ఈ వ్యాసం సూచించే కొలమానం ఇదే. మలుపు తెలిసిన తరువాత చిత్రంలో చూడడానికి ఏమి మిగిలింది? ఏమీ మిగలకపోతే దర్శకుడు ప్రేక్షకుడి నుంచి సమాచారాన్ని దాచాడంతే, కథ నిర్మించలేదు. చనిపోయినవాడే కథ చెబుతున్నాడనీ, జరిగిందంతా కల అనీ, అంతా ఒకే మనిషి భ్రమ అనీ తేల్చే చిత్రాలలో అధికభాగం ఈ పరీక్షలో నిలబడవు.

త్స్వెతాన్ తొదొరోవ్ 1966లో రాసిన వ్యాసంలో డిటెక్టివ్ కథలో రెండు కథలుంటాయని సూత్రీకరించాడు. ఒకటి నేరం కథ, అది ముందే జరిగిపోయింది, కనిపించదు. రెండవది పరిశోధన కథ, అది మన కళ్లముందు జరుగుతుంది. థ్రిల్లర్‌లో ఈ రెండూ కలిసిపోయి, కళ్లముందు జరిగే కథకే ప్రాధాన్యం వస్తుంది. ఇక నోయెల్ కెరోల్ 1984లో సినిమా ఉత్కంఠను వివరిస్తూ, నైతికంగా సరైన ఫలితం అసంభవంగా కనిపించినప్పుడు ఉత్కంఠ పుడుతుందన్నాడు. ఏమి జరుగుతుందో అన్న ప్రశ్న ఒక్కటే చాలదు; ఏది జరగాలని ప్రేక్షకుడు కోరుకుంటున్నాడన్న ప్రశ్న కూడా ఉండాలి. ఆ కోరిక పుట్టని చోట నల్లని ముసుగు, మెరిసే కత్తి ఎంతసేపు చూపినా ఉత్కంఠ రాదు.

మన అలంకారశాస్త్ర పరిభాషలో దీనికి మరింత సూక్ష్మమైన పనిముట్లున్నాయి. థ్రిల్లర్‌ను భయానకరసం కింద వేసి ఊరుకోవడం సులభం. భయం స్థాయిగా నిలవడానికి ముందు జరిగే మానసిక వ్యాపారమంతా వ్యభిచారిభావాల పరిధిలోనిది. ఏదో జరిగిందన్న అనుమానం శంక. ఏది నిజమో తేల్చుకోలేక లోలోపల సాగే ఊహ వితర్కం. తెలుసుకోవాలన్న తొందర ఔత్సుక్యం. సంఘటన మీదపడినప్పటి కలవరం ఆవేగం. ఉలికిపాటు త్రాసం. విద్యార్థిచిత్రాలు ఎక్కువగా త్రాసం మీద ఆధారపడతాయి. పెద్ద శబ్దం, హఠాత్తుగా తెర మీదికి వచ్చే ముఖం త్రాసాన్ని ఇస్తాయి. అది క్షణికం. శంక, వితర్కాలకు కావలసింది నిశ్శబ్దం, నిడివిగల షాట్, నటుడి ముఖం.

వీటన్నిటికంటే థ్రిల్లర్‌కు సన్నిహితమైనది అవహిత్థ. లోపలి భావం బయటికి కనిపించకుండా ఆకారాన్ని దాచుకోవడం అవహిత్థ. లజ్జ, భయం, అపజయం, గౌరవం, కపటం వంటివి దానికి విభావాలుగా భరతుడు పేర్కొన్నాడు. తెలిసీ తెలియనట్టు ఉండే పాత్ర ఒకటి ఉంటే చాలు, థ్రిల్లర్ మొదలయినట్టే.

4. అవహిత్థకు ఒక నమూనా

ఒలివియే త్రెనేర్ తీసిన ఫ్రెంచి లఘుచిత్రం ‘లాకార్డ్యూర్’ (2010) ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. పేరుకు పియానో శ్రుతి చేసేవాడని అర్థం. నిడివి సుమారు 13 నిమిషాలు. 2012లో ఉత్తమ లఘుచిత్రంగా ఫ్రాన్స్ సెజార్ పురస్కారం పొందింది. పోటీలో ఓడిన యువ పియానో విద్వాంసుడు అంధుడిగా నటిస్తూ శ్రుతి చేసే పనిలో కుదురుకుంటాడు. చూపు లేదని నమ్మినవారు అతనితో ఉదారంగా, అజాగ్రత్తగా ప్రవర్తిస్తారు. ఒకరోజు ఒక ఇంటికి వెళతాడు. అక్కడ హత్య జరిగి ఉంది. అతను చూశాడు, చూడనట్టు ఉండాలి.

సమాచార పంపిణీ ఎంత స్పష్టంగా ఉందో గమనించాలి. అతనికి చూపు ఉందని ప్రేక్షకుడికి తెలుసు. ఇంటామెకు తెలియకూడదు. ఆమెకు అనుమానం వచ్చిందా లేదా అన్నది అతనికి తెలియదు, ఎందుకంటే వెనక్కి తిరిగి చూస్తే నిజం బయటపడుతుంది. అవహిత్థ ఇక్కడ పాత్రస్వభావం, కథాసంకటం రెండూ అయింది. చిత్రం ఆ క్షణం దగ్గరే మొదలై, వెనక్కి వెళ్లి, మళ్లీ ఆ క్షణానికే చేరి ముగుస్తుంది. తరువాత ఏమి జరిగిందో తెరపై చూపదు. ముఖ, నిర్వహణాలు ఒకే దృశ్యంలో కలిసిన నిర్మాణమిది. మొదటిసారి అర్థం కాని దృశ్యం రెండోసారి ఉత్కంఠగా వస్తుంది. అంటే రెండోసారి చూడడమన్న పరీక్షను ఈ చిత్రం తన కథనంలోనే ఇముడ్చుకుంది.

ఈ చిత్రం స్ఫూర్తితో శ్రీరామ్ రాఘవన్ హిందీలో ‘అంధాధున్’ (2018) తీశాడు. దానిని మేర్లపాక గాంధీ తెలుగులో ‘మాస్ట్రో’ (2021)గా పునర్నిర్మించాడు. పూర్తి నిడివి సినిమాకు గర్భ, విమర్శ సంధులు కావలసి వచ్చాయి. హత్య తరువాతి పరిణామాలు, ప్రేమకథ, అవయవాల వ్యాపారం చేరాయి. ఒకే బీజం లఘుచిత్రంలో ఎక్కడ ఆగిందో, పెద్ద చిత్రంలో ఎటు విస్తరించిందో పక్కపక్కన పెట్టి చూపితే సంధుల చర్చ విద్యార్థికి పుస్తకంలోని పరిభాషగా మిగలదు. తులనాత్మక అధ్యయనానికి ఈ మూడు చిత్రాలూ అనువైన సామగ్రి.

5. పరిమితులే నిర్మాణసూత్రాలు

విద్యార్థికి డబ్బు, పరికరాలు, సమయం తక్కువ. థ్రిల్లర్ చరిత్రలో ఈ కొరతలు అడ్డంకులుగా కన్నా నిర్మాణసూత్రాలుగా పనిచేసిన సందర్భాలున్నాయి. పోలండ్‌లోని వూచ్ ఫిలిం స్కూల్‌లో చదువుకుంటూ రోమన్ పొలాన్‌స్కీ 1957లో తీసిన ‘హత్య’ అనే చిత్రం రెండు నిమిషాలైనా ఉండదు. ఒకడు గదిలోకి వస్తాడు, నిద్రిస్తున్న మనిషిని పొడుస్తాడు, వెళ్లిపోతాడు. కారణం చెప్పలేదు. కారణం చెప్పకపోవడమే అక్కడ భయహేతువు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం చదివి, అక్కడి ఫిలిం సొసైటీ ద్వారా చిత్రనిర్మాణం నేర్చుకున్న క్రిస్టఫర్ నోలన్ 1997లో మూడు నిమిషాల ‘డూడుల్‌బగ్’ తీశాడు. ఒక మనిషి, ఒక గది, నేల మీద పరుగెత్తే ఒక చిన్న జీవి. ఆ తరువాత ‘ఫాలోయింగ్’ (1998) చిత్రాన్ని ఉద్యోగాలు చేసుకునే మిత్రులతో కలిసి దాదాపు ఏడాదిపాటు వారాంతాలలో చిత్రీకరించాడు. సాహిత్య విద్యార్థికి ఈ రంగం పరాయిది కాదని చెప్పడానికి కూడా ఈ ఉదాహరణ పనికివస్తుంది.

కాలపరిమితిని నియమంగా మార్చిన పోటీ ‘48 అవర్ ఫిలిం ప్రాజెక్ట్’. 2001లో వాషింగ్టన్‌లో మొదలైంది. ప్రతి బృందానికి ఏ ప్రక్రియలో తీయాలో చీటీ ద్వారా వస్తుంది. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక సంభాషణ అందరికీ ఉమ్మడిగా ఇస్తారు. రచన మొదలుకొని ఎడిటింగ్ దాకా 48 గంటలలో ముగించాలి. నిడివి నాలుగు నుంచి ఏడు నిమిషాలు. తరుణ్ భాస్కర్ దర్శకత్వంలో రీతూ వర్మ నటించిన ‘అనుకోకుండా’ హైదరాబాద్‌లో ఈ పోటీ కోసం తీసినదే. 2013లో అది కాన్ చిత్రోత్సవంలోని షార్ట్ ఫిలిం కార్నర్‌కు చేరింది. తెలుగు లఘుచిత్రాన్ని విద్యార్థులకు ఆదర్శంగా నిలిపిన ఘట్టాలలో ఇదొకటి. అవధానంలో నిషిద్ధాక్షరి, దత్తపది ఎరిగిన మనకు, ఇచ్చిన వస్తువుతో, ఇచ్చిన మాటతో రచన చేయడమన్న నియమం అపరిచితం కాదు.

సాంకేతికంగా విద్యార్థి గమనించవలసినవి మూడు. మొదటిది వెలుతురు. థ్రిల్లర్ అంటే రాత్రి అన్న ఊహతో ఫోనుకెమెరాతో చీకటిలో చిత్రీకరిస్తే దృశ్యమంతా గింజలు గింజలుగా కనిపిస్తుంది. చీకటి కనిపించాలంటే ఎక్కడో ఒక దీపం ఉండాలి. మిట్టమధ్యాహ్నపు నిర్మానుష్యత కూడా భయహేతువేనని గుర్తిస్తే సగం సమస్య తీరుతుంది. రెండవది శబ్దం. చిత్రం మంచిదైనా మాట వినిపించకపోతే ప్రేక్షకుడు నిలవడు. ఉచితంగా దొరికే భయానక సంగీతాన్ని మొదటి నుంచి చివరిదాకా పరిస్తే నిశ్శబ్దానికి విలువ పోతుంది. మూడవది చూపుదిశ. పాత్ర ఎటు చూస్తున్నదో, తరువాతి షాట్‌లో ఏమి కనిపించిందో ఈ రెండూ కలిసినప్పుడే ‘అతనికి తెలిసింది’ అన్న అర్థం పుడుతుంది. సమాచార పంపిణీ మాటలలో కన్నా ముందు చూపులలో జరుగుతుంది.

6. స్థలం హేతువయ్యే తీరు: బోధన్, బాల్కొండ

‘అన్వేషణ’లో అడవి అందమైన నేపథ్యం మాత్రమే అయితే ఆ కథ నడవదు. పులి దాడులుగా చెలామణి అయ్యే మరణాల వెనుక మనిషి చేయి ఉందన్నది అక్కడి రహస్యం. నేరానికి ముసుగు వేసింది అడవే. స్థలం మారిస్తే నేరమే మారిపోతుంది. థ్రిల్లర్‌లో స్థలానికి ఉండవలసిన సంబంధం ఇది.

నిజామాబాద్ జిల్లా దృశ్యపరంగా సంపన్నమైనది. ‘ఫిదా’ (2017) వంటి చిత్రంలో ఉమ్మడి జిల్లాలోని బాన్సువాడ ప్రాంతం పచ్చదనంతో, యాసతో తెరకెక్కింది. థ్రిల్లర్ వైపు నుంచి చూస్తే ఈ జిల్లాలో మరో రకం స్థలాలున్నాయి. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు రైతు, కార్మికుడు, బండివాడు, కాటా దగ్గరి గుమస్తా, వీరందరి బతుకు ముడిపడిన చోటు నిశ్శబ్దమైంది.

మూతపడిన మిల్లు ఏదైనా విద్యార్థి కెమెరాకు సిద్ధంగా ఉన్న సెట్టులా కనిపించవచ్చు. తుప్పుపట్టిన యంత్రాలు, పగిలిన అద్దాలు, గబ్బిలాలు. దీని ఆధారంగా రెండు ఊహాకథలను పోల్చి చూద్దాం.

మొదటి కథ: నలుగురు మిత్రులు పందెం వేసుకుని రాత్రివేళ ఒక పాత మిల్లులోకి వెళతారు. ఏదో చప్పుడు. ఒక్కొక్కరే మాయమవుతారు. చివరికి మిగిలినవాడు కూడా ఎప్పుడో చనిపోయినవాడేనని తెలుస్తుంది. ఈ కథను మిల్లులో కాక పాడుబడిన బంగళాలో, ఆసుపత్రిలో, హాస్టల్లో తీసినా తేడా రాదు. స్థలం ఇక్కడ తొడుగు.

రెండవ కథ: మూతపడిన మిల్లు గోడ దూకి ఒక యువకుడు లోపలికి వస్తాడు. తండ్రికి రావలసిన బకాయికి ఆధారంగా పాత హాజరు రిజిస్టరు కోసం వెతుకుతున్నాడు. దూరం నుంచి కాపలాదారు అతన్ని చూశాడు. చూసి కూడా కేక వేయలేదు. అతనికి తెలిసిందన్న సంగతి ప్రేక్షకుడికి తెలుసు, యువకుడికి తెలియదు. కాపలాదారు ఎందుకు ఊరుకున్నాడు? పట్టిస్తాడా? బేరమాడతాడా? వితర్కం మొదలవుతుంది. యువకుడు దొరకకూడదని ప్రేక్షకుడు కోరుకుంటాడు. దొరకడం ఖాయంగా కనిపిస్తుంది. కెరోల్ చెప్పిన ఉత్కంఠ ఇదే. చివరికి ఇద్దరూ ఎదురుపడతారు. కాపలాదారు అడిగేది ఒక్కటే: “బాపు మంచిగున్నడా, బిడ్డా?”

ఈ ఒక్క మాటతో నిర్వహణం పూర్తవుతుంది. అతను తండ్రితో పనిచేసిన మనిషి. కొడుకు ముఖంలో తండ్రిని గుర్తుపట్టాడు. రెండోసారి చూస్తే అతని ప్రతి తటపటాయింపూ మరో అర్థమిస్తుంది. ఉద్యోగధర్మానికీ పాత స్నేహానికీ నడుమ నలిగిన అవహిత్థ అది. తొదొరోవ్ చెప్పిన రెండు కథలు కూడా ఇక్కడ తారుమారవుతాయి. గోడ దూకడమే నేరమనుకుని చూడడం మొదలుపెట్టిన ప్రేక్షకుడికి, కనిపించని మొదటి కథ వేరే ఉందని, అది రాని జీతానిదని తెలుస్తుంది. దయ్యం అవసరం రాలేదు. భయానికి చరిత్ర ఉంది.

భాష విషయం కూడా ఇక్కడ గమనించాలి. ‘బాపు’, ‘బిడ్డా’ అన్న పిలుపులను తీసి పత్రికాభాషలో ‘మీ నాన్నగారు బాగున్నారా బాబూ’ అని డబ్బింగ్ చెప్పిస్తే సమాచారం అంతే ఉంటుంది, గుర్తింపు పోతుంది. ఆ మనిషి ఆ మిల్లువాడే అన్నదానికి సాక్ష్యం యాస. చాలాకాలం తెలుగు తెర ఈ యాసను హాస్యానికో ప్రతినాయకత్వానికో పరిమితం చేసింది. థ్రిల్లర్‌లో యాస ఆధారమవుతుంది, చివరి తాళంచెవి అవుతుంది.

బాల్కొండ ప్రాంతం మరొక అవకాశాన్ని ఇస్తుంది. సమీపంలోని పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఆ జలాశయం ఆయకట్టుకు నీరిచ్చింది, కొన్ని ఊళ్లను తనలో కలుపుకుంది. నీటిమట్టం బాగా తగ్గిన వేసవిలో మునిగిన కట్టడాల ఆనవాళ్లు బయటపడతాయి. కనిపించని మొదటి కథ నీటి అడుగున ఉందన్నమాట. తన ఇల్లు ఉన్నచోట ఏదో వెతుకుతున్న ఒక ముసలామె, ఏమి వెతుకుతున్నదో తెలియని మనుమడు, వానలు పడితే మళ్లీ మునిగిపోయే నేల. ఇక్కడ ఉత్కంఠకు కావలసిన గడువును దర్శకుడు కల్పించనక్కరలేదు, రుతువే పెడుతుంది. ఇదంతా పట్టపగలు తీయదగిన థ్రిల్లర్.

ఈ స్థలాలను వాడుకోవడంలో బాధ్యత కూడా ఉంది. అనుమతి లేకుండా మూసిన కర్మాగారాలలోకి, జలాశయపు బురదలోకి విద్యార్థులను పంపడం ప్రమాదం. గోడ బయటి రోడ్డు, కార్మికవాడలో ఒక ఇల్లు, గట్టు మీది దారి చాలు. మిల్లు లోపలి భాగాన్ని చూపకుండా శబ్దంతో సూచించడం నిర్మాణపరంగా కూడా మేలైన పద్ధతి. బతుకులు పోగొట్టుకున్నవారి చోటును దయ్యాల కొంపగా చిత్రించేముందు అక్కడివారితో మాట్లాడడం కనీస ధర్మం. ఆ మాటలలోనే కథ దొరికే అవకాశం ఎక్కువ.

7. తరగతిగదికి ఒక పద్ధతి

తీయడం, విశ్లేషించడం రెండు వేర్వేరు పనులుగా సాగితే ఒకటి సరదాగా, రెండవది పరీక్షగా మిగులుతుంది. రెండింటినీ కలిపే పద్ధతి ఒకటి సూచించవచ్చు. విద్యార్థి స్క్రిప్టు రాసిన తరువాత ప్రతి షాట్‌కూ ఎదురుగా మూడు గడులు గీయాలి: ప్రేక్షకుడికి ఏమి తెలుసు, ప్రధాన పాత్రకు ఏమి తెలుసు, ఎదుటి పాత్రకు ఏమి తెలుసు. వరుసగా అయిదారు షాట్లలో ఏ గడీ మారకపోతే అక్కడ కథ కదలలేదు. మూడు గడులూ ఎప్పుడూ సమానంగా ఉంటే ఉత్కంఠకు చోటు లేదు. ప్రేక్షకుడి గడి చివరిదాకా ఖాళీగా ఉండి ఒక్కసారిగా నిండితే అది ఆశ్చర్యమే.

చిత్రం పూర్తయిన తరువాత ఇదే పట్టికను స్క్రిప్టు చదవని మరో విద్యార్థి, చిత్రం చూసి మాత్రమే నింపాలి. మొదటి పట్టికకూ రెండవ పట్టికకూ తేడా ఉన్నచోట దర్శకుడు అనుకున్నది తెరకు చేరలేదని అర్థం. ఆ తేడాలే విమర్శవ్యాసానికి వస్తువు. చిత్రాన్ని రెండుసార్లు చూపించి, రెండోసారి కొత్తగా గమనించినవేమిటో రాయించడం చివరి దశ. ఇదే అభ్యాసాన్ని ముందుగా ‘దిద్దుబాటు’పై చేయిస్తే కథానిక పాఠం, సినిమా పాఠం ఒకదానికొకటి తోడవుతాయి.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• లఘుచిత్రం పెద్ద సినిమాకు సంక్షిప్తరూపం కాదు. ముఖ, నిర్వహణ సంధులతో నడిచే స్వతంత్రరూపంగా దానిని రచించాలి, విశ్లేషించాలి.
• థ్రిల్లర్ విలువను మలుపుతో కాక రెండోసారి చూసినప్పుడు నిలిచే అర్థంతో కొలవాలి.
• శంక, వితర్కం, అవహిత్థ వంటి వ్యభిచారిభావాల పరిభాష ఉత్కంఠను విశ్లేషించడానికి నేటికీ సమర్థమైన సాధనం. పాశ్చాత్య సినిమా సిద్ధాంతాలతో దానిని జతచేసి వాడుకోవచ్చు.
• పరికరాల కొరత విద్యార్థికి లోపం కానక్కరలేదు. ఏమి చూపకూడదో నిర్ణయించుకునే క్రమశిక్షణను అది నేర్పగలదు.
• స్థలం, యాస, స్థానిక చరిత్ర కథకు హేతువులైనప్పుడే ప్రాంతీయ థ్రిల్లర్ అన్న మాటకు అర్థం ఉంటుంది.

బోధన్, బాల్కొండ పరిసరాల నుంచి వచ్చే విద్యార్థి తన ఇంట్లోనే వినగల ప్రశ్నలున్నాయి: ఆ మిల్లు ఎందుకు ఆగింది, ఆ ఊరు ఎక్కడికి పోయింది, బకాయి ఎవరు ఇవ్వాలి. జవాబు దాచిన ప్రశ్నను వెంటాడడమే థ్రిల్లర్ పని కనుక, ఈ ప్రశ్నలకు ఆ ప్రక్రియ తగినదే. వాటిని తెరకెక్కించే విద్యార్థికి సాంకేతిక సలహా ఇవ్వగలవారు చాలామంది దొరుకుతారు. కథను షాట్ షాట్‌గా చదివి, ఎక్కడ తెగిందో చెప్పగల పాఠకుడిగా నిలవవలసిన బాధ్యత తెలుగు అధ్యాపకుడిది.